ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు: ఉప్పు సీసా దగ్గర్నుంచి వీఎస్ఎం గ్రాఫ్ దాకా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. ఈ ఊళ్లలో ఎంఎస్సీ ప్రాజెక్టులు మొదలయ్యాయంటే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. అడిగేది దాదాపు ఒకటే. "మాస్టారూ, పొడి నల్లగానే వచ్చింది, మాగ్నెట్‌కి అంటుకుంటోంది కూడా. వీఎస్ఎంలో మాత్రం 30 ఈఎంయూ దాటలేదు. మెషిన్ తప్పంటారా?"

వీఎస్ఎం (వైబ్రేటింగ్ శాంపిల్ మాగ్నెటోమీటర్) అంటే పొడి అయస్కాంతత్వాన్ని కొలిచే మెషిన్, ఈఎంయూ ఆ కొలత యూనిట్. మెషిన్ తప్పు చాలా అరుదు. ఆ 30 అనే అంకె ఇనుప ఉప్పు (లవణం) తూచిన రోజునే, పొడి ఆరబెట్టిన రాత్రే ఖాయమైపోయి ఉంటుంది. మెషిన్ దాన్ని బయటపెడుతుంది, అంతే. అందుకే ఇందులో వీఎస్ఎం గురించి కన్నా దానికి ముందు చేయాల్సిన పనుల గురించే ఎక్కువ రాశాను. పద్ధతి అందరూ చేసే కో-ప్రెసిపిటేషనే, అంటే రెండు ఇనుప లవణాలను క్షారంతో కలిపి ఒకేసారి అవక్షేపం చేయడం. మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఉండే సామానుతో చేసుకోవచ్చు.

1. మొదలుపెట్టే ముందు: మీకు కావలసింది ఏ ఆక్సైడ్?

ఐరన్ ఆక్సైడ్ అంటే ఒకటే పదార్థం కాదు. ఈ పనిలో మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు.

- మాగ్నెటైట్: నలుపు. పెద్ద స్ఫటికంగా ఉన్నప్పుడు, గది ఉష్ణోగ్రత దగ్గర శాచ్యురేషన్ మాగ్నెటైజేషన్ (అయస్కాంత క్షేత్రం ఎంత పెంచినా ఇక పెరగని గరిష్ఠ విలువ) గ్రాముకి సుమారు 92 ఈఎంయూ.
- మాగ్‌హెమైట్: గోధుమ రంగు. గ్రాముకి సుమారు 76 ఈఎంయూ.
- హెమటైట్: ఎరుపు. గ్రాముకి అర ఈఎంయూ కూడా ఉండదు.

తేడా కళ్లతో చూడాలంటే కోరాపుట్ వైపు వెళ్లినప్పుడు బైలదిల్లా నుంచి విశాఖ పోయే గూడ్స్ బండ్లను గుర్తుచేసుకోండి. వాటిలో ఉండేది హెమటైట్ ఖనిజం. అలాంటి ఎర్ర రాయి ముక్క దగ్గర మామూలు మాగ్నెట్ పెడితే దాదాపు కదలదు. మీ బీకరులోని నల్ల పొడి మాత్రం గాజు గోడకు ఎగిరి అతుక్కుంటుంది. రెండింట్లోనూ ఉన్నది ఇనుమూ ఆక్సిజనే, అమరిక మాత్రం వేరు.

మాగ్నెటైట్‌లో ఒక ఫెర్రస్ (Fe²⁺) అయానుకు రెండు ఫెర్రిక్ (Fe³⁺) అయాన్లు ఉంటాయి. ఫెర్రిక్‌లలో సగం నాలుగు ఆక్సిజన్ల మధ్య, మిగతా సగం ఆరు ఆక్సిజన్ల మధ్య కూర్చుంటాయి. ఈ రెండు సగాల అయస్కాంతత్వం ఎదురెదురు దిశల్లో ఉండి రద్దయిపోతుంది. చివరికి మిగిలేది ఫెర్రస్ అయాన్ల వాటా. తయారీ అంతా ఫెర్రస్‌ను కాపాడుకోవడం చుట్టూ తిరిగేది అందుకే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫెర్రస్ మొత్తం ఆక్సీకరణం చెంది పొడి పూర్తిగా మాగ్‌హెమైట్‌గా మారినా విలువ 92 నుంచి 76 దాకా తగ్గుతుందే తప్ప 30కి పడిపోదు. 30 వచ్చిందంటే కణాలు మరీ చిన్నవై ఉండాలి, లేదా మాగ్నెట్‌కి స్పందించని గోథైట్ లాంటిది కలిసి ఉండాలి, లేదా పొడిలో నీరు, ఉప్పు మిగిలి ఉండాలి. చాలాసార్లు ఈ మూడూ కొంచెం కొంచెం కలిసే ఉంటాయి.

2. పరిమాణం ఏం చేస్తుంది

కణం చిన్నదైతే దాని అయస్కాంత దిశ వేడి వల్ల తనంతట తనే తిరగబడుతుంటుంది. బయటి అయస్కాంత క్షేత్రం (ఫీల్డ్) తీసేయగానే నికర అయస్కాంతత్వం సున్నా అవుతుంది. దీన్నే సూపర్‌పారామాగ్నెటిజం అంటారు.

ఎంత చిన్నదైతే ఇలా జరుగుతుందో లెక్క వేసుకోవచ్చు. కణం ఘనపరిమాణాన్ని అనైసోట్రపీ స్థిరాంకంతో (అయస్కాంత దిశ తిరగకుండా పట్టి ఉంచే శక్తి ఎంతో చెప్పే అంకె) గుణించండి. మాగ్నెటైట్‌కు అది ఘన మీటరుకు సుమారు 13,500 జౌళ్లు. వచ్చినదాన్ని బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగించండి. 300 కెల్విన్ దగ్గర:

- 10 నానోమీటర్ల కణానికి నిష్పత్తి సుమారు 1.7. దిశ క్షణంలో తిరగబడుతుంది.
- 20 నానోమీటర్లకు సుమారు 14. మిల్లీసెకను వ్యవధిలో తిరగబడుతుంది.
- 25 నానోమీటర్లకు సుమారు 27. ఒక కొలత తీసే సమయంలో తిరగబడదు.

హద్దు 25 దగ్గర అనుకోండి. వీఎస్ఎం ఒక్కో బిందువు దగ్గర కొన్ని సెకన్లు ఆగుతుంది కాబట్టి 10, 15 నానోమీటర్ల కణాలకు లూప్ (ఫీల్డ్ పెంచి తగ్గించినప్పుడు వచ్చే గ్రాఫ్) తెరుచుకోకుండా గీతలా రావాలి.

పరిమాణం ఇంకో పని కూడా చేస్తుంది. కణం పైపొరలో అయాన్లు క్రమం తప్పి ఉంటాయి, అయస్కాంతత్వానికి సరిగా తోడుపడవు. ఆ పొర మందం 0.8 నానోమీటర్లనుకుంటే 10 నానోమీటర్ల కణంలో పనికొచ్చే లోపలి భాగం 59 శాతమే. అంటే 92కు బదులు 54. అదే 20 నానోమీటర్ల కణమైతే 71 దాకా వస్తుంది. మీకు 10 నానోమీటర్ల కణాలు వచ్చి విలువ 55 ఉంటే టెన్షన్ పడొద్దు. మీ పని బాగా జరిగినట్టే.

3. సామాను

- ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్
- 25 శాతం అమ్మోనియా ద్రావణం, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం
- డిస్టిల్డ్ వాటర్, ఒక లీటరుకు తగ్గకుండా
- 250 మిల్లీలీటర్ల మూడు మూతుల ఫ్లాస్క్, థర్మామీటర్, వాటర్ బాత్
- పైనుంచి తిప్పే ఓవర్‌హెడ్ స్టిరర్
- నైట్రోజన్ లేదా ఆర్గాన్
- బలమైన నియోడిమియమ్ మాగ్నెట్
- ప్లాస్టిక్ స్పాచులా, గాజు వయల్స్
- గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్క్

స్టిరర్ గురించి ఆగి చదవండి. మాగ్నెటిక్ స్టిరర్‌తో ఈ రియాక్షన్ చేయొద్దు. పుట్టిన ప్రతి కణం వెళ్లి ఆ తెల్ల బార్‌కే పట్టుకుంటుంది. సగం పొడి బార్ మీద పేరుకుంటుంది, మిగతాది కలవక గడ్డకడుతుంది. ఓవర్‌హెడ్ స్టిరర్ లేకపోతే చిన్న మోటారుకు గాజు కడ్డీ బిగించి తిప్పినా సరే.

స్పాచులా ప్లాస్టిక్‌దే ఎందుకంటే, స్టీల్‌ది గీరుకుంటే రాలే నలుసులు వీఎస్ఎంలో కనిపిస్తాయి. కొలవబోయేది మిల్లీగ్రాములు. అందులో స్టీల్ నలుసు పడితే లేని కోఎర్సివిటీ (అయస్కాంతత్వాన్ని సున్నా చేయడానికి కావలసిన ఎదురు ఫీల్డ్) వచ్చి కూర్చుంటుంది.

మాగ్నెట్ పెద్దదైతే వేళ్లు జాగ్రత్త. రెండు ఒకేసారి చేతిలోకి తీసుకోకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల దగ్గరకు తీసుకెళ్లొద్దు. ఎలక్ట్రానిక్ త్రాసు పక్కన అసలు పెట్టొద్దు. త్రాసు లోపల పనిచేసేది కూడా అయస్కాంతమే, రీడింగ్ మారిపోతుంది.

4. ఉప్పుల పరీక్ష: ఎవరూ చేయనిది, అందరూ చేయాల్సింది

ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 37 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మే నెలలో మన ల్యాబ్‌లు అంతకన్నా వేడిగా ఉంటాయి. ఒకసారి నేను తెప్పించిన సీసా ఎండలో బస్సు పార్సిల్‌లో వచ్చింది. మూత తీస్తే లోపల గట్టి ఉప్పు బదులు పసుపు గోధుమ రంగు బురద ఉంది. చల్లబడితే మళ్లీ గడ్డ కడుతుందిలే అని వాడేశాను. మూడు బ్యాచ్‌లు వరసగా పాడయ్యాయి.

వానాకాలం ఇంకో ఇబ్బంది. ఈ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గోపాల్‌పూర్ దగ్గరి సముద్రపు గాలిలో పది నిమిషాలు మూత తీసి ఉంచినా తూచిన బరువులో నీరు కలుస్తుంది. సీసాను డెసికేటర్‌లో, వేసవిలో ఫ్రిజ్‌లో ఉంచండి. తినే వస్తువులు పెట్టే ఫ్రిజ్ మాత్రం వాడొద్దు.

ఫెర్రస్ సల్ఫేట్ లేత ఆకుపచ్చగా ఉండాలి. పైన పసుపు, తుప్పు రంగు పొడి కనిపిస్తే కొంత ఫెర్రిక్‌గా మారిపోయినట్టే. ఎంత మారిందో చెప్పే పరీక్ష మీరు బీఎస్సీలో చేసిందే.

1) 0.278 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ తూచండి. ఇది ఒక మిల్లీమోల్.
2) విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించండి.
3) 0.02 మోలార్ పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేయండి.
4) ఉప్పు స్వచ్ఛమైతే 10 మిల్లీలీటర్లు పట్టాలి.

9 మిల్లీలీటర్లకే గులాబీ రంగు నిలిచిందంటే ఫెర్రస్ 90 శాతమే ఉంది. అప్పుడు 1.39 గ్రాములు తూచాల్సిన చోట దాన్ని 0.9తో భాగించి 1.54 గ్రాములు తూచండి. 8 కన్నా తక్కువ వస్తే ఆ సీసా పక్కన పెట్టేయండి. పర్మాంగనేట్ ద్రావణం కూడా తాజాగా ప్రామాణీకరించినదై ఉండాలి.

ఫెర్రస్ క్లోరైడ్ వాడేవాళ్లు ఈ టైట్రేషన్‌ను నేరుగా చేయకూడదు. క్లోరైడ్ కూడా పర్మాంగనేట్‌ను కొంత తినేస్తుంది. ఆ ఇబ్బంది లేకుండా ఉండాలనే నేను సల్ఫేట్ చెబుతాను.

5. ఆక్సిజన్‌ను ఎక్కడ ఆపాలి

"నీళ్లు మరిగించాం మాస్టారూ, అయినా గోధుమ రంగే వచ్చింది" అని చాలామంది అంటారు. లెక్క చూడండి. గాలితో నిండిన 100 మిల్లీలీటర్ల నీటిలో ఉండే ఆక్సిజన్ సుమారు 0.8 మిల్లీగ్రాములు. అది పాడుచేయగలిగింది 0.1 మిల్లీమోల్ ఫెర్రస్‌ను. మన దగ్గర ఉన్నది 5 మిల్లీమోల్స్. అంటే రెండు శాతం.

కాబట్టి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ చిన్న దొంగే. పెద్ద దొంగ ఫ్లాస్క్ మూతి దగ్గర ఉన్నాడు. గంటసేపు తెరిచి ఉంచి జోరుగా తిప్పితే గాలి ఆగకుండా లోపలికి దిగుతూనే ఉంటుంది. నీళ్లు మరిగించండి, తప్పకుండా. కానీ మూతి మూయకపోతే ఆ కష్టం వృథా.

ఇంకో సంగతి. ఆమ్ల ద్రావణంలో ఫెర్రస్ నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతుంది, క్షార ద్రావణంలో చాలా వేగంగా. అందుకని అమ్మోనియా పోయకముందే నైట్రోజన్ లేదా ఆర్గాన్ గ్యాస్ పంపి గాలిని తరిమేయాలి, తర్వాత కూడా గ్యాస్ ఆపకూడదు. పోశాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

సిలిండర్ లేనివాళ్లకు:

- వెల్డింగ్ షాపుల్లో ఆర్గాన్ ఉంటుంది. మందపాటి బెలూన్లలో నింపించుకుని రబ్బరు గొట్టంతో వాడుకోవచ్చు. ఉక్కు పని చేసే షాపుల్లో ఆర్గాన్‌లో కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్లు కూడా ఉంటాయి. అడిగి స్వచ్ఛమైన ఆర్గాన్ మాత్రమే తీసుకోండి.
- టైర్లలో నింపే నైట్రోజన్ వద్దు. అందులో కొంత ఆక్సిజన్ మిగిలే ఉంటుంది.
- కార్బన్ డయాక్సైడ్ అసలే వద్దు. అమ్మోనియాను తినేసి కార్బొనేట్లు చేస్తుంది.

6. తయారీ వరుస

కింది కొలతలకు సుమారు 1.16 గ్రాముల మాగ్నెటైట్ రావాలి.

1) 100 మిల్లీలీటర్లకన్నా బాగా ఎక్కువ డిస్టిల్డ్ వాటర్‌ను పావుగంట మరిగించి, మూత పెట్టి చల్లార్చండి. అందులో 100 మిల్లీలీటర్లు వాడతాం.

2) ఫ్లాస్క్‌లో నీళ్లు పోసి ఒక మిల్లీలీటరు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపండి. ఆమ్లం లేకపోతే ఫెర్రిక్ ఉప్పు నీటిలో పడగానే హైడ్రాలిసిస్ మొదలై తుప్పు రంగు మసక వస్తుంది.

3) 2.70 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ వేసి పూర్తిగా కరిగించండి. ద్రావణం పసుపు రంగులో తేటగా ఉండాలి. మసక కనిపిస్తే ముందుకు వెళ్లొద్దు.

4) 20 నిమిషాలు నైట్రోజన్ పంపండి. ఆ తర్వాతే ఫెర్రస్ సల్ఫేట్ వేయండి, 1.39 గ్రాములు లేదా మీ టైట్రేషన్ చెప్పిన బరువు. ఫెర్రస్ ఎప్పుడూ చివర.

5) గ్యాస్ ఆపకుండా 70 డిగ్రీలకు వేడి చేయండి. స్టిరర్ నిమిషానికి 500 నుంచి 800 చుట్లు.

6) 15 మిల్లీలీటర్ల అమ్మోనియాను ఒక్క ఊపులో, పది సెకన్లలోపు పోయండి. ద్రావణం వెంటనే నల్లబడాలి. కిటికీలు తీసి ఉంచండి, ముఖం ఫ్లాస్క్ మీదికి పెట్టకండి.

7) పీహెచ్ పేపర్‌తో చూడండి, 10 ఉండాలి. అరగంట తర్వాత మళ్లీ చూడండి. వేడికి అమ్మోనియా ఎగిరిపోయి 9 కన్నా తగ్గితే ఇంకో 3 మిల్లీలీటర్లు పోయండి.

8) మొత్తం గంట అయ్యాక వేడి ఆపి, గ్యాస్ నడుస్తుండగానే చల్లారనివ్వండి.

ఆరో మెట్టు దగ్గర భయపడి చుక్క చుక్క పోసేవాళ్లు ఉన్నారు. అలా పోస్తే పీహెచ్ 3 నుంచి 8 వరకు మెల్లగా పాకుతుంది. ఆ దారిలో ముందు ఫెర్రిక్ హైడ్రాక్సైడ్, దాన్నుంచి గోథైట్ పుడతాయి. తర్వాత ఎంత అమ్మోనియా పోసినా గోథైట్ పూర్తిగా మాగ్నెటైట్ కాదు. ఒక్కసారిగా పోస్తే లెక్కలేనన్ని కేంద్రకాలు ఒకే క్షణంలో పుట్టి, కణాలు దాదాపు సమానంగా పెరుగుతాయి.

లెక్కకు అమ్మోనియా 4 మిల్లీలీటర్లు చాలు. 15 ఎందుకంటే, వేడి ఊళ్లలో పాత సీసాలో బలం తగ్గి ఉంటుంది, పీహెచ్ కూడా పైన నిలబడాలి.

కరెంటు పోతే స్టిరర్ ఆగుతుంది. గాజు కడ్డీ ముందే సిద్ధంగా పెట్టుకుని చేత్తో తిప్పండి. మొదటి పది నిమిషాల్లో ఆగితే కణాల పరిమాణం ఎగుడుదిగుడవుతుంది. ఆ సంగతి నోట్‌బుక్‌లో రాయండి.

7. కడగడం

బీకరు కింద మాగ్నెట్ పెట్టండి, పొడి దిగాక పైనీరు వంపేయండి. మరిగించి చల్లార్చిన నీళ్లతో నాలుగైదుసార్లు. బోరు నీళ్లు వద్దు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు క్షారంలో అవక్షేపమై పొడిలోనే ఉండిపోతాయి.

ఎన్నిసార్లు కడిగితే చాలో రుచి చూసి చెప్పలేం కదా, పరీక్ష చేయండి. కడిగిన నీటిని కొంచెం తీసుకుని విలీన నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లం చేసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేయండి. తెల్లబడితే క్లోరైడ్ ఇంకా ఉంది. ఆమ్లం మరచిపోతే అమ్మోనియా సిల్వర్ క్లోరైడ్‌ను కరిగించేసి, లేదన్నట్టు మోసం చేస్తుంది. సల్ఫేట్‌కు ఆమ్లం చేసిన ఇంకో భాగంలో బేరియం క్లోరైడ్.

చివరి కడుగుల్లో ఒక వింత కనిపిస్తుంది. మొదట్లో మాగ్నెట్‌కి టక్కున దిగిన పొడి ఇప్పుడు దిగదు, నీరు నల్లగానే ఉండిపోతుంది. అయస్కాంతత్వం పోయిందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా ఈ ఘట్టం దగ్గరే చేస్తారు. పోలేదు. ఉప్పు తగ్గడంతో కణాల మీది విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి, గుంపులు విడిపోయాయి. విడి కణాన్ని లాగే బలం చాలా చిన్నది. కొంచెం ఇథనాల్ కలిపి మాగ్నెట్ మీద అరగంట ఉంచండి, లేదా సెంట్రిఫ్యూజ్ చేయండి. ఆ నల్లనీరు పారబోస్తే మీ సన్నని కణాలన్నీ సింక్‌లో పోసినట్టే.

8. ఆరబెట్టడం, దాచడం

చివరిసారి అసిటోన్‌తో కడిగి, వాక్యూమ్ ఓవెన్‌లో 50 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. అది లేకపోతే డెసికేటర్‌లో తాజా సిలికా జెల్ మీద రెండు రోజులు.

హాట్ ఎయిర్ ఓవెన్‌లో 110 దగ్గర పెట్టి ఇంటికి వెళ్లిపోవడం అలవాటైన తప్పు. పొద్దున వచ్చేసరికి నలుపు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. మఫిల్ ఫర్నేస్‌లో 500 దాటించి కాల్చితే ఎర్రబడుతుంది, అది హెమటైట్. స్ఫటికం బాగుపడుతుందని గాలిలో కాల్చినవాళ్లకు చివరికి మిగిలింది ఎర్ర పొడి.

తూచండి. 1.16 గ్రాముల లెక్కకు 1.0 నుంచి 1.1 వస్తే మంచి బ్యాచ్. 1.4 వచ్చిందంటే ఎక్కువ వచ్చిందని సంతోషించకండి. అదనంగా ఉన్నది నీరో ఉప్పో.

పొడిని ముక్కులోకి పోనివ్వకండి, మాస్క్ తప్పనిసరి. చిన్న వయల్‌లో నిండుగా పోసి, నైట్రోజన్ ఊది మూత బిగించండి. ఖాళీ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

9. వీఎస్ఎం కన్నా ముందు ఎక్స్‌ఆర్‌డీ

పొడి ఏ స్ఫటికమో చెప్పేది ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్). కాపర్ ట్యూబ్‌తో తీసిన గ్రాఫ్‌లో మాగ్నెటైట్ గీతలు సుమారు 30.1, 35.5, 43.1, 53.4, 57.0, 62.6 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇనుము కాపర్ కిరణాలకు ఫ్లోరసెన్స్ ఇస్తుంది కాబట్టి అడుగు గీత పైకి లేచి ఉంటుంది. స్కాన్ నెమ్మదిగా తీయమని అడగండి.

- 33.2 దగ్గర గీత ఉంటే హెమటైట్ ఉంది.
- 21.2 దగ్గర ఉంటే గోథైట్ ఉంది.
- 23.8, 26.1 దగ్గర చిన్న గీతలుంటే మాగ్‌హెమైట్ అని అనుమానించండి. కణాలు చిన్నవైతే అవి కనిపించకపోవచ్చు కూడా.

మాగ్నెటైట్, మాగ్‌హెమైట్ గీతలు దాదాపు ఒకే చోట పడతాయి. ఎక్స్‌ఆర్‌డీ ఒక్కదానితో "ఇది స్వచ్ఛమైన మాగ్నెటైట్" అని థీసిస్‌లో రాయొద్దు. ఖాయంగా చెప్పాలంటే మోస్‌బవర్ (ఫెర్రస్, ఫెర్రిక్‌లను విడిగా చూపే గామా కిరణాల పరీక్ష) కావాలి. లేదంటే పొడిని గాలి తగలకుండా ఆమ్లంలో కరిగించి ఫెర్రస్ శాతం కట్టాలి.

పరిమాణానికి షెర్రర్ సూత్రం. 35.5 దగ్గరి గీత సగం ఎత్తులో వెడల్పు 0.8 డిగ్రీలనుకోండి. రేడియన్లలో 0.01396. తరంగదైర్ఘ్యం 0.15406 నానోమీటర్లను 0.9తో గుణించి, ఆ వెడల్పు, 17.75 డిగ్రీల కొసైన్‌ల లబ్ధంతో భాగిస్తే 10.4 నానోమీటర్లు. డిగ్రీలను రేడియన్లుగా మార్చకపోవడం, కోణాన్ని సగం చేయకపోవడం నేను ప్రతి ఏడూ దిద్దే తప్పులు. మెషిన్ సొంత వెడల్పును కూడా తీసేయాలి.

10. వీఎస్ఎంకి పంపడం

మన వైపు కాలేజీల్లో ఈ మెషిన్ దొరకడం కష్టం. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూసి బుక్ చేసుకోవచ్చు. ఐఐటీ మద్రాసులోని సైఫ్ లాంటి కేంద్రాలు బయటివాళ్ల శాంపిల్స్ తీసుకుంటాయి.

ఒకసారి నా విద్యార్థిని ఒకామె పొడిని జిప్ కవర్‌లో పెట్టి కొరియర్ చేసింది. వారం దారిలో ఉంది. చేరేసరికి గోధుమ రంగు, పైగా సగం కవర్ గోడలకే అంటుకుంది. అప్పటి నుంచి ఈ జాబితా గోడకు అంటించాం.

- పొడి 50 నుంచి 100 మిల్లీగ్రాములు, గాజు వయల్‌లో
- మూత చుట్టూ పారాఫిల్మ్ లేదా టెఫ్లాన్ టేపు
- పేరు, తేదీ, పూత ఉంటే దాని వివరం
- గది ఉష్ణోగ్రత, ప్లస్ మైనస్ 15,000 ఓర్‌స్టెడ్ (ఫీల్డ్ యూనిట్) అని ఫారంలో రాయడం
- సున్నా దగ్గర, ప్లస్ మైనస్ 500 లోపల దగ్గర దగ్గరగా బిందువులు కావాలని అడగడం
- పొడి కదలకుండా బిగించి కట్టమని, ఖాళీ హోల్డర్ రీడింగ్ కూడా పంపమని అడగడం
- వాళ్లు తూచిన బరువు మిల్లీగ్రాములలో రాసివ్వమని అడగడం

అదే బ్యాచ్‌లో కొంత పొడి మీ దగ్గరే ఉంచుకుని టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గిందో కొలిచే పరీక్ష) చేయించండి. ఎందుకో చూడండి. వాళ్లు తూచింది 20 మిల్లీగ్రాములు, వచ్చిన మొమెంట్ (ఆ పొడి మొత్తం అయస్కాంతత్వం) 1.10 ఈఎంయూ. భాగిస్తే గ్రాముకి 55. కానీ టీజీఏలో 12 శాతం నీరు, సిట్రేట్ పూత అని తేలితే అసలు ఆక్సైడ్ 17.6 మిల్లీగ్రాములే. విలువ 62.5 అవుతుంది. పూత వేసినవాళ్లు రెండు అంకెలూ రాయాలి, ఏది దేనికో చెప్పాలి.

11. గ్రాఫ్ చదవడం

మొదట యూనిట్లు. మొమెంట్‌ను గ్రాములతో భాగించండి, మిల్లీగ్రాములతో కాదు. గ్రాముకి ఒక ఈఎంయూ అంటే కిలోకి ఒక ఆంపియర్ మీటర్ స్క్వేర్. గాలిలో 10,000 ఓర్‌స్టెడ్‌లు ఒక టెస్లా.

తర్వాత చివరలు చూడండి. ఎక్కువ ఫీల్డ్ దగ్గర గీత కిందికి వంగితే అది హోల్డర్ డయామాగ్నెటిజం (ఫీల్డ్‌కు ఎదురుగా వచ్చే బలహీన స్పందన), ఖాళీ హోల్డర్ రీడింగ్ తీసేయాలి. పైకి పోతూనే ఉంటే బాగా చిన్న కణాలో, పైపొర అయాన్ల అక్రమమో ఉంది. అప్పుడు చివరి బిందువునే శాచ్యురేషన్ అని రాసేయకుండా, మాగ్నెటైజేషన్‌ను ఫీల్డ్ విలోమానికి ఎదురుగా గీసి సున్నా దాకా పొడిగించి విలువ తీయండి.

ఇప్పుడు మధ్య భాగం. పూర్తి గ్రాఫ్‌లో లూప్ కనిపించడం లేదని "సూపర్‌పారామాగ్నెటిక్" అని రాసేయడం మన ప్రాజెక్టుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తొందరపాటు. ప్లస్ మైనస్ 200 ఓర్‌స్టెడ్ వరకు పెద్దది చేసి చూడండి. కోఎర్సివిటీ 10, 20 దగ్గర ఉంటే అది మెషిన్ మాగ్నెట్‌లో మిగిలిన ఫీల్డ్ వల్ల కూడా కావచ్చు. సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్ ఉన్న మెషిన్లలో ఇది మామూలే. 100 దాటితే మాత్రం మీ పొడిలో 25 నానోమీటర్లు దాటిన కణాలో, స్టీల్ నలుసులో ఉన్నట్టు అనుమానించాలి.

ఇంకా గట్టి రుజువు కావాలంటే జెడ్ఎఫ్‌సీ, ఎఫ్‌సీ కొలతలు. శాంపిల్‌ను ఒకసారి ఫీల్డ్ లేకుండా, ఇంకోసారి 50 లేదా 100 ఓర్‌స్టెడ్‌లో చల్లబరిచి, వేడెక్కుతుండగా కొలుస్తారు. మొదటి గీత (జెడ్ఎఫ్‌సీ) శిఖరాన్ని బ్లాకింగ్ ఉష్ణోగ్రతగా, అంటే కింద కణాల దిశ తిరగడం ఆగిపోయే ఉష్ణోగ్రతగా తీసుకుంటారు. పైన చెప్పిన లెక్క ప్రకారం 10 నానోమీటర్ల విడి కణానికి అది 20 కెల్విన్ దగ్గరే రావాలి. పొడి శాంపిల్‌లో అంతకన్నా చాలా పైన వస్తుంది, ఎందుకంటే కణాలు పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. ఎఫ్‌సీ గీత కింది ఉష్ణోగ్రతల్లో చదునుగా ఉంటే ఆ పట్టు బలంగా ఉందని అర్థం. కణాలను మైనంలో పలచగా కలిపి మళ్లీ కొలిస్తే శిఖరం కిందికి జరగాలి.

12. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం

- పోయగానే గోధుమ రంగు: ఫెర్రస్ తక్కువైంది. టైట్రేషన్ చూడండి.
- మొదట నలుపు, గంటలో గోధుమ: ఫ్లాస్క్ మూతి, గ్యాస్ గొట్టం చూడండి.
- ఆరాక గోధుమ: ఓవెన్ వేడి.
- నలుపే, 21.2 దగ్గర గీత ఉంది: అమ్మోనియా నెమ్మదిగా పోశారు.
- గీతలన్నీ సరిగ్గా ఉన్నాయి, విలువ 40: టీజీఏ, కణ పరిమాణం, సిల్వర్ నైట్రేట్ పరీక్ష, ఈ వరుసలో చూడండి.
- విలువ 92 దాటింది: బరువు తప్పు, లేదా స్టీల్ కలిసింది.
- రెండు బ్యాచ్‌లకు 15 ఈఎంయూ తేడా: ఉప్పు తూచిన రోజు తేమ, స్టిరర్ వేగం పోల్చండి.

ఒక్క బ్యాచ్‌తో తీర్మానం రాయొద్దు. కనీసం మూడు చేసి మూడింటి విలువలూ పెట్టండి.

నోట్‌బుక్‌లో ప్రతి బ్యాచ్‌కీ ఒక పేజీ ఉండాలి: తేదీ, గది ఉష్ణోగ్రత, టైట్రేషన్ రీడింగ్, తూచిన బరువులు, గ్యాస్ మొదలుపెట్టిన సమయం, పోసిన సమయం, రెండు పీహెచ్ రీడింగులు, కరెంటు పోయిందా, ఎన్ని కడుగులు, ఆరిన బరువు, పొడి రంగు. నాకు ఫోన్ చేసేటప్పుడు ఆ పేజీ చేతిలో పెట్టుకోండి. నేను మొదట అడిగేది టైట్రేషన్ రీడింగే.